మందు పడకపోతే డాక్టర్లు ఎందుకు రిపోర్ట్ చేయరు? మనమే చేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నెల్లూరు నుంచి మీ నాన్నగారిని (62) చెన్నై తీసుకొచ్చి చూపించారు. యూరిక్ యాసిడ్ ఎక్కువుందని అల్లోప్యూరినాల్ 300 మి.గ్రా. మొదలుపెట్టారు. మూడో వారంలో జ్వరం, ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు, నోట్లో పుండ్లు. మందు ఆపి, వారం రోజులు ఆసుపత్రిలో ఉంచితే తగ్గింది. "దీన్ని ఎక్కడికైనా రిపోర్ట్ చేశారా సార్" అని మీరడిగితే, "ఇది పుస్తకాల్లో ఉన్నదేనమ్మా, కొత్తదేం కాదు" అన్నారు డాక్టర్ గారు. డాక్టర్లు ఎందుకు రాయరు, మేమే రాయొచ్చా, రాస్తే ఆయనకేమైనా ఇబ్బంది అవుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మీరే రాయొచ్చు. రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. డాక్టర్ గారికి దానివల్ల ఏ కేసూ రాదు. రోగులు నింపడానికి విడిగా ఒక ఫారం ఉంది, అది తెలుగులోనూ దొరుకుతుంది. ఫోన్‌లో చెప్పినా తీసుకుంటారు: టోల్ ఫ్రీ 1800-180-3024, పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు. ఇది ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా (పీవీపీఐ), అంటే మందుల దుష్ప్రభావాల మీద నిఘా పెట్టే జాతీయ కార్యక్రమం నంబరు. 2010లో ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రంగా మొదలైన కార్యక్రమాన్ని 2011లో ఘజియాబాద్‌కి మార్చారు.

రిపోర్ట్ కంటే ముందు చూసుకోవాల్సినది ఒకటుంది. మీ నాన్నగారి డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడండి. అందులో "అల్లోప్యూరినాల్ వల్ల డ్రగ్ రియాక్షన్" అని స్పష్టంగా ఉందా? చాలా సమ్మరీల్లో "రాష్", "జ్వరంతో దద్దుర్లు" అని మాత్రమే ఉంటుంది, మందు పేరు ఉండదు. ఆ పేరు లేకపోతే ఏడాది తర్వాత నెల్లూరులోనో తిరుపతిలోనో ఇంకో డాక్టర్ అదే మందును ఇంకో బ్రాండ్ పేరుతో రాసే ప్రమాదం ఉంది. జ్వరం, నోటి పుండ్లతో వచ్చిన ఇలాంటి రియాక్షన్ రెండోసారి వస్తే మరింత వేగంగా, మరింత తీవ్రంగా ఉండొచ్చు. కాబట్టి ఆసుపత్రికి వెళ్లి ఆ వాక్యం రాయించుకోండి. మందు జెనెరిక్ పేరు ఒక చీటీ మీద రాసి ఆయన పర్సులో పెట్టండి. బ్రాండ్ పేరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే సరిపోదు.

ఇక డాక్టర్లు ఎందుకు రాయరన్నది. చెడ్డతనం వల్ల రాయరని మాత్రం అనుకోకండి. బ్రిటన్‌లో విలియం ఇన్మన్ అనే వైద్యుడు 1970ల్లోనే దీనికి కారణాలను ఏడు మహాపాపాలంటూ జాబితా వేశారు. మార్కెట్లో ఉన్న మందు సురక్షితమే అన్న ధీమా, కోర్టు భయం, నా చేతుల మీదుగా హాని జరిగిందే అన్న అపరాధభావం, తానే ఒక పేపర్ ప్రచురించుకోవాలన్న ఆశ, అనుమానం మాత్రమే రాస్తే నవ్వుతారేమో అన్న సంకోచం, నా ఒక్క కేసుతో ఏమవుతుందన్న ఉదాసీనత, ఏది రాయాలో తెలియకపోవడం. బద్ధకాన్ని తర్వాత చేర్చారు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2009లో వచ్చిన ఒక సమీక్షలో అన్నిటికంటే ఎక్కువగా, 95 శాతం అధ్యయనాల్లో కనిపించినది "తీవ్రమైనవే రాయాలి" అన్న తప్పు అభిప్రాయం. కోర్టు భయం దానికి చాలా దూరంలో ఉంది. అంతకుముందు 2006లో 12 దేశాల అధ్యయనాలు చూసిన మరో సమీక్ష ప్రకారం రిపోర్ట్ కాకుండా పోయేవి, మధ్యగతంగా చూస్తే, 94 శాతం. ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు.

చెన్నై, బెంగళూరు ఆసుపత్రుల్లో నా అనుభవంలో అన్నిటికంటే బరువైనది సంకోచమే. ఓపీలో ఒక్కో రోగికి నాలుగైదు నిమిషాలు. ఎదురుగా ఉన్నాయనకు బీపీ మాత్ర, షుగర్ మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, పైగా మోకాళ్ల నొప్పికి మందుల షాపులో కొనుక్కున్న గోలీ. దద్దుర్లు దేనివల్ల? డాక్టర్‌కీ తెలియదు. తెలియనిది ఎలా రాస్తాను అని ఆగిపోతారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ వ్యవస్థ డాక్టర్‌ని తీర్పు అడగదు. ఫారం పేరులోనే "అనుమానిత" అని ఉంది. ఏ మందు కారణమో తూకం వేసే పని తర్వాతి అంచెలో జరుగుతుంది. డబ్ల్యూహెచ్ఓ పద్ధతిలో "నిశ్చయంగా", "బహుశా", "కావచ్చు", "కాకపోవచ్చు" వంటి మెట్లున్నాయి. వచ్చే రిపోర్టుల్లో "నిశ్చయంగా" అన్న మెట్టు ఎక్కేవి తక్కువే. మిగిలినవీ విలువైనవే.

1961లో, గర్భిణులకు వేవిళ్లకు ఇచ్చిన థాలిడొమైడ్ అనే మందు మీద ఆస్ట్రేలియా డాక్టర్ విలియం మెక్‌బ్రైడ్ లాన్సెట్ పత్రికకు రాసినది కొన్ని వాక్యాల ఉత్తరం. అందులో ఆయన రుజువు చూపలేదు. ఈ మందు వాడిన తల్లులకు అవయవ లోపాలతో బిడ్డలు పుడుతున్నారు, మీలో ఇంకెవరైనా చూశారా అని అడిగారు. జర్మనీలో విడుకింట్ లెంజ్ అనే వైద్యుడికీ అప్పుడే అదే అనుమానం వచ్చింది. మందుల దుష్ప్రభావాలను గమనించడానికి 1968లో డబ్ల్యూహెచ్ఓ పెట్టిన అంతర్జాతీయ వ్యవస్థకు పునాది అలాంటి అనుమానమే.

"పుస్తకాల్లో ఉన్నదే" అన్న మాటకు వద్దాం. కొత్త మందుకు ఈ వాదన ఎలాగూ నిలవదు. పాత మందుకు కూడా నిలవదని చెప్పడానికి దగ్గరి ఉదాహరణ మెఫెనమిక్ యాసిడ్. నెలసరి నొప్పికి, పిల్లల జ్వరానికి దశాబ్దాలుగా వాడుతున్నది, ప్రతి మందుల షాపులో ఉండేది. 2023 చివర్లో పీవీపీఐ దాని మీద హెచ్చరిక ఇచ్చింది: డ్రెస్ సిండ్రోమ్ రావచ్చు, గమనించండి అని. జ్వరం, దద్దుర్లు, వాచిన గ్రంథులు, రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరగడం, కాలేయం లాంటి లోపలి అవయవాలు దెబ్బతినడం దాని లక్షణాలు. ఆ హెచ్చరిక మన దేశంలోని రిపోర్టులను కూర్చి చూస్తేనే వచ్చింది. వాటిలో ప్రతిదాన్నీ ఎవరో ఒకరు "ఇంత పాత మందుకి ఎందుకులే" అనుకోకుండా రాశారు.

అల్లోప్యూరినాల్ సంగతీ అంతే. దద్దుర్లు వస్తాయన్నది పుస్తకంలో ఉంది, నిజమే. మనవాళ్లలో ఎవరికి, ఎంత డోసుతో మొదలుపెడితే, కిడ్నీలు ఎంత బాగున్నవాళ్లకు, ఎన్నో వారంలో వచ్చిందన్న లెక్క మాత్రం మన రిపోర్టుల నుంచే రావాలి. ఈ మందు తీవ్ర రియాక్షన్లు ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తాయి. హెచ్ఎల్ఏ-బి 58:01 అనే జన్యు రకం ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. కిడ్నీ బలహీనంగా ఉన్నా ఎక్కువే. అందుకే రోజుకు 100 మి.గ్రా. మించకుండా, కిడ్నీ సమస్య ఉంటే ఇంకా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచమంటాయి మార్గదర్శకాలు. మీ నాన్నగారికి 300తో మొదలైంది. దీన్ని డాక్టర్ మీద ఫిర్యాదుగా కాకుండా రిపోర్టులో ఒక అంకెగా రాయండి. అలాంటి అంకెలు పోగైతేనే "చిన్న డోసుతో మొదలుపెట్టండి" అన్న మాట ఊళ్లలోని క్లినిక్కుల దాకా చేరుతుంది. మీ నాన్నగారికి గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల వాపు) నొప్పి ఎప్పుడూ రాకుండా రక్తపరీక్షలో అంకె మాత్రమే ఎక్కువుంటే, ఆయనకు అసలు ఏ మందైనా అవసరమా అని తర్వాతి అపాయింట్‌మెంట్‌లో అడగండి. నొప్పి లేనివాళ్లలో చాలామందికి అవసరం ఉండదు.

భయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన భాషలో రెండు మాటలున్నాయి. "మందు పడలేదు" అంటాం, అందులో ఎవరి తప్పూ లేదు. "వైద్యం వికటించింది" అని పేపర్లో వస్తే మాత్రం చదివేవాళ్ల మనసులో అప్పటికే ఒక ముద్దాయి సిద్ధం. డాక్టర్ ఆ ఫారం ముందు కూర్చున్నప్పుడు రెండో మాటే చెవిలో మోగుతుంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలో దగ్గు మందు తాగిన పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ మందు తయారైనది మన పక్కనే, కాంచీపురం జిల్లాలో. తమిళనాడు అధికారుల పరీక్షలో ఆ బ్యాచ్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉన్నట్టు తేలింది. మందు రాసిన డాక్టర్‌ని కూడా అరెస్టు చేశారు. అది కల్తీ కేసు, క్రిమినల్ దర్యాప్తు, మీరడిగిన దానికి పూర్తిగా వేరు. కానీ అలాంటి వార్తల తర్వాత ఫారం మీద సంతకం పెట్టడానికి చేయి వెనకాడుతుంది. వాస్తవం వేరు: ఫారం నింపినంత మాత్రాన డాక్టర్‌గానీ కంపెనీగానీ తప్పు ఒప్పుకున్నట్టు కాదని, రోగి వివరాలు గోప్యంగా ఉంటాయని ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది. రోగి పేరు కూడా పూర్తిగా అడగరు, పొడి అక్షరాలు చాలు.

చట్టం సంగతి: మందు కంపెనీలకు రిపోర్ట్ చేయడం తప్పనిసరి. విడిగా ప్రాక్టీస్ చేసే డాక్టర్‌కి అది స్వచ్ఛందం. కొందరు డాక్టర్లు మెడికల్ రిప్రజెంటేటివ్‌తో నోటిమాటగా చెప్పి, రిపోర్ట్ చేసినట్టే అనుకుంటారు. రెప్ దాన్ని కంపెనీకి చేరవేయాలి నిజమే, చేరిందో లేదో డాక్టర్‌కి తెలిసే దారి ఉండదు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో మరో రకం నష్టం. అక్రెడిటేషన్ (ఆసుపత్రికి ఇచ్చే నాణ్యత గుర్తింపు) కోసం రియాక్షన్లు నమోదు చేస్తారు, ఆ కాగితం ఆసుపత్రి క్వాలిటీ విభాగం ఫైల్లోనే ఉండిపోయి ఘజియాబాద్ దాకా వెళ్లదు. కాబట్టి "నమోదు చేశాం" అని ఎవరైనా అంటే "పీవీపీఐకి పంపారా, నంబరు వచ్చిందా" అని అడగండి.

రాసినవాళ్లకు తిరుగు జవాబు సరిగ్గా రాకపోవడం ఈ వ్యవస్థలో నన్ను బాధపెట్టే లోపం. రెండు మూడు సార్లు శ్రద్ధగా ఫారం పంపి, ఏమైందో తెలియని డాక్టర్ నాలుగోసారి పంపడు. ఆయన్ని తప్పుపట్టలేం. ప్రతి రిపోర్టుకూ ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది. దాన్ని, విశ్లేషణలో తేలిన మెట్టుతో కలిపి, డాక్టర్‌కి ఒక్క వాక్యంలో పంపే ఏడీఆర్ కేంద్రాలకు (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు తీసుకునే కేంద్రాలు) రిపోర్టులు ఆగకుండా వస్తుంటాయి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. తప్పనిసరిగా ఉండాల్సినవి కొన్నే: రోగి పొడి అక్షరాలు, రియాక్షన్ వచ్చినప్పటి వయసు, ఏం జరిగింది, ఏ తేదీన మొదలైంది, ఏ మందు మీద అనుమానం, చెప్పేవాళ్ల వివరాలు. ఇవి లేకపోతే రిపోర్ట్ నిలవదు. దానికి బలం ఇచ్చేవి వేరే ఉన్నాయి.

తేదీలు మొదటిది. "కొన్నాళ్లు వాడాక" అని రాస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. మొదటి మాత్ర ఏ రోజు, జ్వరం ఏ రోజు, దద్దుర్లు ఏ రోజు, చివరి మాత్ర ఏ రోజు, ఆపాక ఎన్ని రోజులకు తగ్గింది. తేదీ గుర్తులేకపోతే ఫోన్ తీయండి: దద్దుర్లకు తీసి బంధువులకు పంపిన ఫొటో మీద తేదీ, టైమ్ రెండూ ఉంటాయి.

బ్యాచ్ నంబరు. మందుల షాపులో స్ట్రిప్ కత్తిరించి పది మాత్రలు ఇస్తే, బ్యాచ్ నంబరున్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. బిల్లు మీద మాత్రం బ్యాచ్, గడువు తేదీ ఉంటాయి. అందుకే బిల్లు పారేయొద్దు. మన దగ్గర ఒకే మందుకు ఎన్నో బ్రాండ్లు, ఎన్నో కంపెనీలు. "అల్లోప్యూరినాల్" అని మాత్రమే రాస్తే అది ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు. ఇంజెక్షన్లు, ఇన్సులిన్, బయోలాజికల్ మందుల విషయంలో బ్యాచ్ లేని రిపోర్ట్ సగం రిపోర్టే.

మిగతా మందులన్నీ. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. డాక్టర్ రాసినవే చెబుతారు. నొప్పికి షాపులో అడిగి కొన్న గోలీ, నాటు మందు, తిప్పతీగ కషాయం, జిమ్ పౌడర్ చెప్పరు. ఆయుర్వేద మందు మందే కాదన్నట్టు వదిలేస్తారు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ రోజుల్లో ముంబై వైద్యులు ప్రచురించారు. దాచకుండా చెప్పండి, అది దోషమైతే దోషంగా, కాకపోతే కాదని తేలుతుంది.

పరీక్షలు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలేయ పరీక్షలు, రక్తంలో ఇసినోఫిల్స్. రియాక్షన్‌కి ముందువి, అప్పటివి, తర్వాతవి ఉంటే మూడూ పెట్టండి.

ఇక భాష. ఇది మన తెలుగువాళ్లకు చెన్నైలో, బెంగళూరులో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. పెద్దాయన "ఆ మాత్ర బాగా వేడి చేసిందయ్యా" అంటారు. కొడుకు డాక్టర్‌కి వచ్చీరాని తమిళంలోనో ఇంగ్లీషులోనో "బాడీ హీట్" అంటాడు. డాక్టర్ మజ్జిగ తాగమని పంపిస్తారు. వేడి చేయడమంటే నోట్లో పుండ్లా, మూత్రంలో మంటా, విరేచనాలా, ముక్కు నుంచి రక్తమా, దద్దుర్లా? ఒక్కోదాని వెనక ఒక్కో కథ. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే మనిషికి నోట్లో పుండ్లు వస్తే అది వేడి కాకపోవచ్చు, మందు విషంగా మారుతోందన్న తొలి సూచన కావచ్చు. ఆ వాడకంలో మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. "కళ్లు తిరిగాయి" కూడా అంతే. గది గిర్రున తిరిగిందా, లేచి నిలబడగానే చీకట్లు కమ్మాయా? రెండోదైతే బీపీ మాత్రను అనుమానించాలి. "పడలేదు", "వేడి చేసింది", "కళ్లు తిరిగాయి" అన్నవి విప్పి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని రాయండి. తెలుగు ఫారం ఉన్నది ఇందుకే, అనువాదంలో పోయేది అందులో పోదు.

ఎవరి చేత పంపించాలి? మూడు దారులు. హెల్ప్‌లైన్‌కి మీరే ఫోన్ చేయొచ్చు. పీవీపీఐ మొబైల్ యాప్‌లో గానీ ఫార్మకోపియా కమిషన్ వెబ్‌సైట్లోని రోగుల ఫారంలో గానీ నింపొచ్చు. లేదా దగ్గర్లోని ఏడీఆర్ మానిటరింగ్ సెంటర్‌కి వెళ్లొచ్చు. ఇవి ఎక్కువగా మెడికల్ కాలేజీల ఫార్మకాలజీ విభాగాల్లో ఉంటాయి. చెన్నైలో మద్రాస్ మెడికల్ కాలేజీలో ఉంది, బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ఉంది. వైద్యం అక్కడే చేయించుకుని ఉండాలన్న నియమం లేదు. వీలైతే మాత్రం డాక్టర్ ద్వారా పంపించడం మేలు, వైద్యపు వివరాలున్న రిపోర్ట్ విశ్లేషణకు బాగా పనికొస్తుంది. అడిగే తీరు ముఖ్యం. "మీ మందు వల్ల ఇలా అయింది, రిపోర్ట్ చేయండి" అంటే ఆయన వెనక్కి జరుగుతారు. "సార్, పీవీపీఐకి పంపాలనుకుంటున్నాం, తేదీలు, బిల్లు, ఫొటోలు అన్నీ తెచ్చాం, మీరొకసారి చూసి సంతకం చేస్తారా" అంటే పదిహేను నిమిషాల పని మూడు నిమిషాలకు దిగుతుంది. టైమ్ లేదన్న కారణం పోతుంది. ఆ ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టో ఫార్మ్.డి. విద్యార్థులో ఉంటే వాళ్లని అడగండి, ఈ పని వాళ్ల చదువులో భాగం.

కొన్ని జాగ్రత్తలు. మందు మీద అనుమానం వచ్చిందని బీపీ, మూర్ఛ, టీబీ, గుండె మందులు మీ అంతట మీరు ఆపొద్దు, అదేరోజు డాక్టర్‌కి చెప్పండి. కానీ దద్దుర్లతో పాటు జ్వరం, కళ్లు ఎర్రబడి మంట, నోట్లోగానీ మర్మాంగాల దగ్గరగానీ పుండ్లు, చర్మం పొక్కి ఊడటం, ముఖం వాపు, ఆయాసం వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి, అన్ని మందులూ వెంట తీసుకెళ్లండి. "నిజంగా దానివల్లేనా" అని తేల్చుకోవడానికి ఇంట్లో ఇంకో మాత్ర వేసి చూడటం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. టీకా వేశాక సమస్య వస్తే దానికి వేరే వ్యవస్థ ఉంది, టీకా వేసిన కేంద్రంలోనే చెప్పాలి. మందు రంగు మారడం, సిరప్‌లో నలకలు తేలడం లాంటివి నాణ్యత లోపాలు, వాటిని రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగానికి చెప్పాలి. సీసా పారేయకుండా అలాగే దాచి ఉంచండి.

మీ నాన్నగారికి జరిగి రెండు నెలలైందన్నారు. ఆలస్యమైందని మానకండి, పాత కేసులు కూడా తీసుకుంటారు. ఆయన ఆసుపత్రిలో చేరారు కాబట్టి ఇది "తీవ్రమైన" రియాక్షన్ కిందికి వస్తుంది. ఫోన్ ఎత్తగానే ఆ మాట ముందు చెప్పండి. ఆ తర్వాత అల్లోప్యూరినాల్ 300, మొదటి మాత్ర తేదీ, దద్దుర్ల తేదీ. చివర్లో రిపోర్ట్ నంబరు అడిగి, ఆ డిశ్చార్జ్ సమ్మరీ మీదే రాసుకోండి.